మిర్చి బండి – ఏడో భాగం: కడాయి

"సరే, వస్త."

నాయిన జంగయ్య అన్నది అంతే. పోయిన వారం నవతను మనం అక్కడే వదిలి వచ్చాం. చిలకలగూడలో వాళ్ల ఇంటి గడప మీద, నోరు తెరుచుకుని నిలబడి ఉంది. "రేపు మిర్చి బండి చూడనీకి రా నాయినా, నువ్వు ఒక్క మాట చెప్తె అది నాదైతది" అని నెల రోజులుగా గొంతులో పెట్టుకున్న ముక్కను ఒక్క ఊపున కక్కేసింది. పిడుగు పడుతుందనుకుంది. చినుకు కూడా పడలేదు. నాయిన కాళ్లు కడుక్కుని, సరే వస్తనని, అన్నానికి కూర్చున్నాడు.

అంత సులువుగా ఒప్పుకున్న మనిషిని చూస్తే ఎవరికైనా అనుమానం రావాలి. నవతకు రాలేదు. సంతోషం వచ్చినప్పుడు అనుమానం పక్క సందులోంచి పోతుంది.

ఈ వారమే పత్రిక చేత పట్టినవాళ్లకు రెండు ముక్కలు. నవత మెకానికల్ ఇంజినీరింగ్ మూడో ఏడు. ఆదివారం వస్తే స్పానర్ల సంచి భుజాన వేసుకుని మల్కాజ్‌గిరి కాలనీలన్నీ తిరిగేది. ఆడవాళ్ల స్కూటీలకు బ్రేకులు బిగించేది, ఆయిలు మార్చేది. మూడేళ్లు అదే పని. "స్కూటీ నవత" అంటే అక్కడ తెలియని ఇల్లాలు లేదు. ఆ చెమటంతా చుక్కా చుక్కా చేరి, ఇవాళ్టికి ఒక పాత ఎర్ర కారు ఖరీదంత అయింది.

ఆ కారు మామూలు కారు కాదు. పైకి చూస్తే కూరగాయలకు పోయే కారులాగే బుద్ధిగా ఉంటుంది. లోపల ఇంజన్‌కు రెట్టింపు ఊపునిచ్చే టర్బో ఉంది. కాలు గట్టిగా నొక్కితే వెనక కూర్చున్నవాళ్లు దేవుణ్ణి తలుచుకోవాల్సిందే. దాని యజమాని కాంతమణి, లెక్కల టీచరు. పదేళ్ల కిందట రిటైరైనప్పుడు అందరూ గాజులు కొనుక్కోమంటే ఆవిడ ఈ కారు కొనుక్కుంది. ఇప్పుడు ఎడమ మోకాలికి ఆపరేషనయింది, క్లచ్ తొక్కలేదు. అందుకే అమ్మకం. పండు మిరపకాయ రంగులో ఉంటుందని ఆవిడ వెళ్లే చర్చి దగ్గర పిల్లలు దానికి మిర్చి అని పేరు పెట్టారు. నవత మిర్చి బండి అని పిలుచుకుంది. ఆ పేరు ఎంత పని చేసిందో చూద్దురుగాని.

కాంతమణి పెట్టిన షరతు ఒకటే. "ఇంట్లో చెప్పకుండా కొనేవాళ్లకు నేను తాళం ఇవ్వను. శనివారం ఒంటిగంట లోపల మీ నాన్న వచ్చి, నా ముందు కూర్చుని, సరే అనాలి. ఒంటిగంట దాటితే బండి ఓంప్రకాశ్‌ది."

ఓంప్రకాశ్ పాత కార్ల వ్యాపారి. ముప్పై వేలు ఎక్కువిస్తానని వారం నుంచి ఆ గేటు దగ్గరే తిరుగుతున్నాడు.

శనివారం వచ్చింది. నవత ల్యాబుకు డుమ్మా కొట్టింది. "అమ్మకు జ్వరం సార్, కదలలేకపోతోంది" అని ల్యాబు చూసే రఘునాథ్ సార్‌కు మెసేజి పెట్టి, పదకొండింటికే మల్కాజ్‌గిరిలో కాంతమణి టీచరు ఇంటి వరండాలో వాలింది. ఓంప్రకాశ్ అప్పటికే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని సోంపు నములుతున్నాడు.

"ఏం పాపా, నాయిన రాలే?"

"వస్తుండన్నా. రెజిమెంటల్ బజార్ల ఏదో పనుందట. చూసుకుని వస్తనన్నడు."

"కారు చూడనీకి వచ్చెటోనికి రెజిమెంటల్ బజార్ల ఏం పని? అక్కడ గిన్నెలు దొరుకుతయి గని కార్లు దొరుకుతయా?" ఓంప్రకాశ్ వాచీ చూసుకున్నాడు. "నీకెందుకమ్మా గీ పరేషాన్? స్కూటీలు మంచిగ చేస్తవు. చేసుకోరాదు."

"అన్నా, నీ షాపుల ఉన్న బండ్లకు సుత నేనే చెయ్యాలె. ఒక్కటి సక్కగ లేదు."

కుర్చీలో పేపరు చదువుతున్న జీవరాజు గారు కిసుక్కున నవ్వారు. ఆయన కాంతమణి భర్త. పదేళ్లలో ఒక్కసారి కూడా ఆ కారు ముందు సీట్లో కూర్చోలేదు. వెనక కూర్చుని, పైనున్న పిడి రెండు చేతులా పట్టుకుని, స్పీడు ముల్లు ఎనభై దాటినప్పుడల్లా కీర్తన అందుకునేవారు. ఎనభై దాటకపోతే నిద్రపోయేవారు.

పన్నెండు కావస్తుండగా గేటు ముందు ఆటో ఆగింది. నవత ఒక్క అంగలో మెట్లు దిగింది.

ఆటోలోంచి ముందు జంగయ్య దిగలేదు. ముందు ఒక కడాయి దిగింది.

ఇనప కడాయి. బస్సు స్టీరింగంత వెడల్పు. పాతదే కాని బూడిద పెట్టి తోమితోమి నిగనిగలాడించారు. దాని వెనక జంగయ్య. ఇస్త్రీ చొక్కా, జేబులో దువ్వెన, చంకలో గోనెసంచి. సంచిలోంచి పొడుగాటి చిల్లుల గంటె తల బయటపెట్టి చూస్తోంది.

"గిదేంది నాయినా?"

"తర్వాత చెప్త. ముందుగాల పెద్దమనుషులతోని మాట్లాడనియ్యి."

డిపోలో ఎవరింట్లోనో పెళ్లేమో, వంటకు తీసుకుపోతున్నాడేమో అనుకుంది నవత. జంగయ్య ఇరవయ్యారేళ్లుగా సిటీ బస్సు నడుపుతున్నాడు. మాటకు పొదుపు. ఇంట్లో ఆయన 'ఊఁ' అంటే ఒక అర్థం, 'ఊహూఁ' అంటే ఇంకో అర్థం, ఆ రెంటి మధ్యే సంసారమంతా సాగిపోయింది. అటువంటి మనిషి కడాయిని వరండా గచ్చు మీద ఠంగుమని దించి, రెండు చేతులు జోడించి, కుర్చీలో కొసకు కూర్చున్నాడు.

కాంతమణి కళ్లద్దాలు సవరించుకుంది. ముప్పై అయిదేళ్లు పిల్లల్ని బోర్డు దగ్గరికి పిలిచిన చూపు అది.

"జంగయ్య గారూ, సూటిగా అడుగుతాను. మీ అమ్మాయి ఈ బండి మీద మనసు పడింది. కాని ఇది నెమ్మదైన సరుకు కాదు. చాలా ఘాటైనది. మీకు తెలుసా?"

"మిర్చి బండి అంటెనే ఘాటు గద మేడం."

"అద్గదీ!" అన్నారు జీవరాజు గారు పేపరు పక్కన పెట్టి.

"మీకు మనస్ఫూర్తిగా ఇష్టమేనా మరి?"

జంగయ్య మోకాళ్ల మీద అరచేతులు రాసుకున్నాడు. తర్వాత మాట్లాడాడు. ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు ఆడటం నవత పుట్టి బుద్ధెరిగాక వినలేదు.

"మొదలు పానం ఒప్పలె మేడం. ఇంజినీర్ సదివే పిల్లకు గిదేం పని అనుకున్న. మూడు దినాలు అన్నం సక్కగ తినలె. నాలుగో దినం బస్సు తోలుకుంట ఆలోచన చేసిన. దొంగతనం చేస్తలేదు, ఒకల ముందట చెయ్యి చాపుతలేదు. దాని రెక్కల కష్టం మీద అది నిలవడ్తనంటున్నది. నామోషీ ఎందుకు? నలుగురు నాలుగు మాటలంటరు, అననియ్యి. అన్నోళ్లే రేపు సాయంత్రమైతె దీని దగ్గర లైన్ల నిలవడ్తరు."

నవత కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంచెం అర్థం కాలేదు కాని, చాలా నచ్చింది.

"బాగా చెప్పారు," అంది కాంతమణి. "ఇప్పుడు ఒక పరీక్ష. ఈ బండి కోసం వచ్చిన ప్రతివాణ్ణీ ఇదే అడిగాను. అయిదుగురొచ్చారు, అయిదుగురూ తప్పారు. ఇదిగో, ఈ ఓంప్రకాశ్ కూడా తప్పాడు. ఈ బండి పది కాలాలపాటు ఉండాలంటే అన్నిటికన్నా ముఖ్యంగా చూసుకోవాల్సింది ఏంటి?"

నవతకు తెలుసు జవాబు. నాయినకెట్లా తెలుస్తుంది? ఆయనది డీజిలు బస్సు. నోరు తెరవబోయింది. కాంతమణి వేలు చూపించి కూర్చోబెట్టింది.

జంగయ్య మాత్రం ఒక్క క్షణం తడుముకోలేదు. "నూనె," అన్నాడు.

"ఆఁ?"

"నూనె మేడం. కాగినంకనే పని షురూ చెయ్యాలె. కాగకముందు ఆత్రపడితె అంత ఆగమైతది. పని అయిపోంగనే సుత టక్కున ఆర్పొద్దు. జెరసేపు సన్నగ ఉండనియ్యాలె, అప్పుడు ఆర్పాలె. ఊకె పాత నూనెనే వాడొద్దు. గట్ల చూసుకుంటె పదేండ్లు కాదు, ఇరవై ఏండ్లు వస్తది."

కాంతమణి మోకాలి సంగతి మరిచిపోయి లేచి నిలబడింది.

"ఏవండీ, విన్నారా! టర్బోకు ప్రాణమంతా ఆయిల్లోనే ఉందని పదేళ్లుగా మొత్తుకుంటున్నాను. చల్లగా ఉన్నప్పుడు తొక్కకూడదు, వేడిగా ఉన్నప్పుడు టక్కున ఆపకూడదు. షోరూముల్లో తిరిగేవాళ్లు చెప్పలేకపోయారు. ఈయన కళ్లు మూసుకుని చెప్పారు!"

"డ్రైవరంటే డ్రైవరే," అన్నారు జీవరాజు గారు.

జంగయ్య మొహమాటంగా నవ్వాడు. "టర్బో పొయ్యి సంగతి నాకు తెల్వదు మేడం. మా పిల్ల గ్యాస్ పొయ్యి పెడ్తదనుకున్న."

ఓంప్రకాశ్ సోంపు నమలడం ఆపేశాడు.

"పొయ్యేంటి?" అంది కాంతమణి.

"మరి పొయ్యి లేకుంట నూనె ఎట్ల కాగుతది? సరే గని, బండి ఏదమ్మా? నాలుగు చక్రాలదా, మూడు చక్రాలదా? మూడుదైతె తిప్పనీకి అల్కగుంటది."

నవత కడాయి వైపు చూసింది. చిల్లుల గంటె వైపు చూసింది. గోనెసంచి అడుగున ఆకుపచ్చగా అరకిలో బజ్జీ మిరపకాయలు కనబడ్డాయి. సాయంత్రమైతే సందు మొగలో పొయ్యి వెలిగించి మిర్చీలు వేసే తోపుడు బండిని సికింద్రాబాదులో ఏమంటారు? చిన్నపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. మిర్చి బండి అంటారు.

నెల రోజులుగా ఆమె ఫోనులో స్నేహితురాలితో ఏం మాట్లాడిందో ఒక్కొక్కటే గుర్తొచ్చింది. మిర్చి బండి ఎర్రగ మెరుస్తదే. మిర్చి బండి లేకుంటె నేను బతకనే. చదువు చదువే, మిర్చి బండి మిర్చి బండే. పక్క గదిలో నాయిన గోడకు చెవి పెట్టాల్సిన పని కూడా లేదు. ఆ ఇంట్లో అన్నీ పక్క గదులే.

"నాయినా," అంది సన్నగా. చెయ్యెత్తి షెడ్డు వైపు చూపించింది. "అదే బండి."

షెడ్డులోకి పడిన ఎండలో ఎర్ర కారు నిగనిగలాడుతోంది.

జంగయ్య కారును చూశాడు. కారు వెనక ఏమైనా తోపుడు బండి ఉందేమోనని మెడ సాచి చూశాడు. లేదు.

ఓంప్రకాశ్ పగలబడి నవ్వాడు. కుర్చీ కిర్రుమంది. "అరె భాయ్! ఇంజినీర్ పాప మిర్చీలు ఏస్తదనుకున్నవా? కడాయి సుత పట్టుకొచ్చినవు! వారెవా!"

ఇంకెవరూ నవ్వలేదు. జంగయ్య మొహం కడాయి కన్నా నల్లబడింది. నవతకు ఓంప్రకాశ్ నెత్తిన ఆ చిల్లుల గంటెతోనే ఒకటి వేద్దామనిపించింది.

"నువ్వు ఫోన్ల మాట్లాడుతుంటె విన్న," అన్నాడు జంగయ్య. ఎవరి వైపూ చూడలేదు. "నాతోని చెప్పలేక తక్లీఫ్ పడుతున్నవనుకున్న. నిన్న నువ్వు అడగంగనే అందుకె సరే అన్న. బస్టాపు కాడ జాగ మాట్లాడిన. డిపోల అందరికి చెప్పిన, నా బిడ్డ మిర్చి బండి పెడ్తున్నది, రాండ్రి అని. ఈ కడాయి మొన్ననే కొని దుకాణంల పెట్టిన, డ్యూటీ దిగినంక నేనే తోమిన, రెండు దినాలు."

నవత ఆయన చేతుల వైపు చూసింది. మూడు రోజులు అన్నం మానేసి, నాలుగో రోజు లేచి తన కోసం కడాయి వెతకబోయిన మనిషి. బస్సు దిగి, బజారంతా తిరిగి, బూడిద పెట్టి తోమిన చేతులు. గోళ్లలో ఇంకా ఆ నలుపు పోలేదు.

"కారెందుకు బిడ్డా?" అన్నాడు. కోపం లేదు గొంతులో. భయం ఉంది. "గది సుత గిసుంటి స్పీడు కారు. సదువుకునే పిల్లకు."

"నాయినా, చిన్నప్పుడు నీ బస్సుల నన్ను ఇంజన్ మూత మీద కూసోబెట్టుకుంటుంటివి, యాదికున్నదా? దుప్పటి మడత పెట్టి. కింద నుంచి వెచ్చగ వస్తుండె. గుర్రుమని కడుపులకు తెలుస్తుండె. లోపల ఏమున్నది నాయినా అంటె, లోపల బండి పానం ఉన్నది అంటివి. అప్పటిసంది నాకు ఆ పానం చూడాలని ఉన్నది. కాలేజీల బోర్డు మీద గీసి చూపెడ్తరు, ముట్టనియ్యరు. స్కూటీలు విప్పి విప్పి నా చెయ్యి కుదిరింది. ఇప్పుడు ఇది కావాలె. విప్పుత, బిగిస్త, నడుపుత. నా పైసలతోని."

జంగయ్య తల అడ్డంగా ఊపాడు. "మిర్చీల బండి నూకితె పోతది. ఇది నొక్కితె పోతది. నూకెటోడు అలిసిపోయి ఆగుతడు బిడ్డా. నొక్కెటోడు ఆగడు. రోడ్డు మీద నేను చూడనిదా?"

"నువ్వు ఇరవయ్యారేండ్లు నొక్కినవు. నువ్వు ఆగలేదా?"

లోపల గోడ గడియారం పన్నెండున్నర కొట్టింది.

"మిర్చీలు ఏస్తనంటె నామోషీ పడకుంట కడాయి తెచ్చినవు," అంది నవత. "మరి గిదెందుకు వద్దంటవు? నేను గదే నవతను గద నాయినా."

కాంతమణి నోరు విప్పింది. "నేనొక్క మాట చెబుతాను జంగయ్య గారూ, తర్వాత మీ ఇష్టం. ఈ కారు నేను పదేళ్లు నడిపాను. మెరుపులా నడిపాను. ఒక్క చలానా లేదు, ఒక్క గీత లేదు. బండిలో వేగం ఉంటుంది. ఎప్పుడు వాడాలో మనిషిలో ఉంటుంది. మీ అమ్మాయికి ఆరు నెలలు పక్కన కూర్చుని డ్రైవింగ్ నేర్పింది నేనే. లైసెన్సు వచ్చాక కూడా స్కూలు సందులో ఇరవై దాటదు."

"అన్నా, గవన్ని మాటలు," అన్నాడు ఓంప్రకాశ్. "పిల్ల చేతుల గిసుంటి బండి పెట్టుడు మంచిది కాదు. నువ్వు వద్దను, నేను తీస్కపోత. అందరికి ఫికర్ తప్పుతది."

ఆ మాట అనకపోయి ఉంటే ఏమయ్యేదో తెలియదు. జంగయ్య లేచాడు. తిన్నగా కారు దగ్గరికి పోయాడు. రోజూ తెల్లవారి డిపోలో బస్సు తీసే ముందు ఎలా తిరుగుతాడో అలాగే కారు చుట్టూ కుడి నుంచి తిరిగాడు. నాలుగు టైర్లూ కాలితో తన్నాడు. ఒంగి, అడుగున నూనె చుక్క పడిందేమో చూశాడు. బానెట్ ఎత్తించాడు. ఆయిలు చూసే పుల్ల లాగి, జేబురుమాలుతో తుడిచి, మళ్లీ ముంచి తీసి, వేలికి రాసుకుని, వాసన చూశాడు.

"ఆయిల్ ఎవరు మార్చిన్రు?"

"నేనే. పోయిన నెల."

"ఊఁ," అన్నాడు.

ఆ 'ఊఁ' ఏ రకమో నవతకు తెలుసు. పదో తరగతిలో ఫస్టు క్లాసు వచ్చినప్పుడు విన్న 'ఊఁ' అది. కాళ్లు నేల మీద ఆనలేదు.

"స్టార్ట్ చెయ్యి."

నవత కూర్చుని తాళం తిప్పింది. టిక్కుమంది. మళ్లీ తిప్పింది. టిక్ టిక్. అంతే. మూడు వారాలుగా కారు కదల్లేదు. బ్యాటరీ నీరసించింది.

ఓంప్రకాశ్ చేతులు రెండూ పైకెత్తాడు. "చూసిన్రా? సచ్చిన బండి!"

జంగయ్య కారును చూశాడు. తిరిగి వరండాలో కడాయిని చూశాడు. మళ్లీ కారును చూశాడు. ముందు ఆయన పొట్ట కదిలింది. తర్వాత భుజాలు కదిలాయి. తర్వాత నవ్వు బయటికొచ్చింది. ఎన్నేళ్లుగా దాచుకున్న నవ్వో, దగ్గు కలిసి, కళ్లలో నీళ్లు కలిసి వచ్చింది.

"మిర్చి బండి అన్నంక," అన్నాడు రొప్పుతూ, "నూకకుంట ఎట్ల పోతది? రాండ్రి, నూకుదాం!"

చొక్కా చేతులు మడిచాడు. జీవరాజు గారు కళ్లద్దాలు జేబులో పెట్టుకుని, పంచె ఎగ్గట్టి వచ్చారు. "రెండో గేరు! క్లచ్ తొక్కే ఉంచు! నేను చెప్పేదాకా వదలకు!" అని కాంతమణి వరండాలోంచే కేకలు. గేటు దాటేసరికి సందులో బండి బరువెక్కింది. ఇద్దరి ముసలి భుజాలకు లొంగలేదు. ఓంప్రకాశ్ కాసేపు అటూ ఇటూ చూశాడు. ఎంతైనా కార్ల మీద బతికే మనిషి, ఆగిన కారును చూస్తూ నిలబడలేకపోయాడు. "జరుగురి జరుగురి, గట్ల కాదు" అంటూ వచ్చి తనూ భుజం ఆనించాడు.

ఎదురింటి మేడ మీద స్వర్ణలత బట్టలు ఆరేస్తోంది. నవతకు పాత ఖాతాదారు. "నవతా, నా స్కూటీని సుత ఒకసారి నూకరాదే!" అని అరిచింది.

"ఇప్పుడు!" అంది కాంతమణి.

నవత క్లచ్ వదిలింది. కారు ఒక్కసారి తుమ్మింది. ముందుకు ఉలిక్కిపడింది. గుర్రుమని లేచింది. ముగ్గురూ ముందుకు తూలారు. ఓంప్రకాశ్ బోర్లా పడబోతే జంగయ్య అతని చొక్కా పట్టుకుని ఆపాడు. సందులో పిల్లలు చప్పట్లు కొట్టారు.

జంగయ్య వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. బెల్టు పెట్టుకున్నాడు. "పోనియ్యి. నూనె కాగెదాంక మెల్లగ."

మెల్లగానే పోనిచ్చింది. కాలనీ సందులు, మలుపులు, కూరగాయల బండ్లు, అడ్డం వచ్చిన మేకపిల్ల. జంగయ్య రోడ్డును చూడలేదు. కూతురి కాళ్లను చూశాడు, చేతులను చూశాడు, అద్దంలోకి ఎన్నిసార్లు చూస్తోందో లెక్కపెట్టాడు. కాలనీ దాటి కొత్తగా వేసిన వెడల్పు రోడ్డు వచ్చింది. ముందు ఎవరూ లేరు, వెనక ఎవరూ లేరు. వేడి ముల్లు సగానికి వచ్చింది.

నవత అడగలేదు. ఆయన చెప్పేదాకా అడగకూడదనుకుంది.

జంగయ్య కిటికీ వైపు తిరిగి, ఎవరితోనో చెప్పినట్టు, "జెర నొక్కు," అన్నాడు.

నొక్కింది. ముందు ఒక సన్నని ఈల. తర్వాత ఎవరో వెనక నుంచి రెండు అరచేతులతో నూకినట్టు వీపు సీటుకు అతుక్కుంది. చెట్లు వెనక్కి పరిగెత్తాయి. జంగయ్య జేబులో దువ్వెన ఎగిరి వెనక సీట్లో పడింది. "ఓరి నీ యవ్వ!" అన్నాడు. ఇంట్లో ఎన్నడూ ఆ మాట అనని మనిషి. నవత నవ్వుతూనే కాలు తీసింది. బండి తల వంచి బుద్ధిగా మెల్లబడింది.

జంగయ్య వెనక్కి వంగి దువ్వెన తీసి జేబులో పెట్టుకున్నాడు.

"నా బస్సుకు గిట్ల ఉంటెనా," అన్నాడు జంగయ్య కడకు, "ప్యాసెంజర్లు కొట్టి సంపుతుండిరి."

పన్నెండు యాభైకి గేటు ముందు ఆగారు. నవత తాళం మీద చెయ్యి వేయబోయింది. జంగయ్య ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"టక్కున ఆర్పకు. సన్నగ ఉండనియ్యి."

ఒక నిమిషం అలాగే కూర్చున్నారు. కారు సన్నగా గురకపెట్టింది. చిన్నప్పటి ఇంజన్ మూత మీద కూర్చున్నంత వెచ్చగా ఉంది నవతకు. తర్వాత ఆయనే తాళం తిప్పి ఆపాడు, దిగాడు, కాంతమణి ముందుకు పోయి నిలబడ్డాడు.

"సరే మేడం," అన్నాడు. "ఈసారి తెలిసే అంటున్న. పరీక్షలప్పుడు తాళం నా దగ్గర ఉంటది. మిగతాది దాని ఇష్టం."

కాంతమణి తాళంచెవి నవత అరచేతిలో పెట్టి, ఆ చేతిని తన రెండు చేతులతో మూసింది. లెక్కల టీచరు కనక మొహం అటు తిప్పుకుని, "ఏవండీ, ఒంటిగంట కావస్తోంది, అన్నానికి లేవండి," అంది.

ఓంప్రకాశ్ చొక్కా దులుపుకున్నాడు. ఊరికే పోవడం అతని వృత్తిలో లేదు. "అన్నా, కారు పాయె. ఆ కడాయినన్న ఇస్తవా? మంచి రేటిస్త."

"ఇయ్య," అన్నాడు జంగయ్య. కడాయి ఎత్తుకుపోయి కారు డిక్కీలో పెట్టాడు. కొలిచి చేసినట్టు సరిగ్గా పట్టింది.

అప్పుడు మోగింది నవత ఫోను. అమ్మ. నవత తండ్రి వైపు చూసింది. ఆయన మెల్లగా కారు అద్దం తుడవడం మొదలుపెట్టాడు. అంటే, కారు సంగతి అమ్మకు నువ్వే చెప్పుకో అన్నమాట.

"నవతా! బండి నచ్చిందా?" విమలమ్మ ఫోనులో మాట్లాడితే ఫోను లేకపోయినా వినబడుతుంది. "ఇగో, పది కిలోల శనగపిండి జల్లించి పెట్టిన. రేపు పొద్దుగాల పది గంటలకు మూర్తం మంచిగున్నదన్నడు పంతులు. చిలకలగూడల మనోళ్లందరికి చెప్పిన."

"అమ్మా, ఒక్క నిమిషం ఆగు..."

"నువ్వాగు. మీ రఘునాథ్ సార్ వచ్చిండే! బత్తాయిలు పట్టుకొని. నాకు జ్వరమని ఎవరో చెప్పిన్రట. నాకేం జ్వరం సార్, గుండు లెక్కున్న అన్న. కూసుండబెట్టిన. రేపటి బండికి ఎట్లుంటయో చూద్దామని నాలుగు మిర్చీలు ఏసి పెట్టిన. తింటున్నడు. ఏం బండమ్మా అని అడిగిండు, అంత చెప్పిన. ఇగో, నీతోని మాట్లాడ్తడట."

నవత కాళ్ల కింద మల్కాజ్‌గిరి కదిలింది. ఫోను చేతులు మారిన చప్పుడు. ఎవరో మంచినీళ్లు తాగిన చప్పుడు. తర్వాత, క్లాసులో అటెండెన్సు పిలిచే ఆ నింపాది గొంతు.

"నవతా, మీ అమ్మగారి జ్వరం చాలా రుచిగా ఉందమ్మా. రేపు పదింటికి నేనొక్కణ్ణే కాదు, డిపార్ట్‌మెంటు మొత్తాన్ని తీసుకుని వస్తున్నాను."